తలుపు రెండు వైపులా తెరుచుకోవాలి

వడ్ల సీజనులో మన మిల్లుల గేటు దగ్గర ఒక పూట నిలబడి, పికప్ బండ్ల డ్రైవర్లు కిందికి దిగే తీరు గమనించండి. కొందరు పిడి లాగి మామూలుగా దిగుతారు. కొందరు అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి లాగి దిగుతారు. వాళ్ల బండికి లోపలి పిడి పోయిందన్న మాట. ఇంకొందరు బయట నిలబడి అద్దం సందులో చెయ్యి దూర్చి లోపలి పిడి కోసం తడుముకుంటారు. వీళ్లకు బయటిది పోయింది. ఎడమ తలుపులోంచి ఎక్కి, గేరు రాడ్డు మీదుగా కాళ్లు దాటించుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. తలుపును ప్లాస్టిక్ తాడుతో సీటుకు కట్టేసుకుని తిరిగే బండి కూడా ఒకటి మా మిల్లుకు వారానికి రెండుసార్లు వస్తుంది.

"బాగు చేయించుకోవేమన్నా?" అని అడిగితే అందరి జవాబూ ఒకటే. "బండి నడుస్తాంది కదా!"

నాది మట్మారి. రాయచూరు దారిలోని ఒక బియ్యం మిల్లులో ఇరవై ఏళ్ల పైబడి ఫిట్టరు పని చేస్తున్నాను. బెల్టులు, బేరింగులు, ఎలివేటర్ బకెట్లు నా పని. బండ్ల పని నాది కాదు. కానీ మిల్లులో స్పానరు పట్టినవాడి దగ్గరికి అన్నీ వస్తాయని మీకు తెలుసు. అక్కయ్యల కుక్కర్లు, పిల్లల సైకిళ్లు, సావుకారి గేటు తాళం, చివరికి పికప్ డోరు హ్యాండిల్ కూడా. ఈ నెల ఆ హ్యాండిల్ గురించే రాస్తున్నాను. చూడడానికి చిన్న వస్తువు. కానీ దాని వెనక ఒక పసిబిడ్డ ప్రాణం ఉంది.

మన బతుకులో ఈ బండి

మా ఊరి స్టేషను మీదుగా పోయే రైలుదారి చాలా పాతది. మద్రాసు వైపు నుంచి వచ్చిన లైను, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరులో కలిశాయి. ఆ తర్వాత తుంగభద్ర డ్యాము వచ్చింది. 1953 నుంచి ఎడమ కాలువకు నీళ్లు పారాయి. కోస్తా జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చి సింధనూరు, మాన్వి పక్క క్యాంపులు వేసుకున్నారు. జొన్న పండిన నేలలో వరి నిలబడింది. వరి వెనకే మిల్లులు వచ్చాయి. మిల్లుల వెనక మనం వచ్చాం.

ఊరి నుంచి ఊరికి సరుకు మోయడానికి రైలుంది, లారీ ఉంది. పొలం గట్టు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి అంగడికి మోసేది మాత్రం పికప్పే. టాటా వాళ్లు 1988లో తొలి పికప్ తెచ్చారు. 2005లో ఏస్ వచ్చింది, జనం దాన్ని చిన్న ఏనుగు అన్నారు. మహీంద్రా బొలెరో పికప్పులు సరేసరి. ఈ బండ్లు తొందరగా చావవు. పదిహేనేళ్ల బండి కూడా ఇంజను బాగుంటే తిరుగుతూనే ఉంటుంది. ముందుగా పోయేవి చిన్న చిన్నవి. వైపరు, ఇండికేటరు, అద్దం తిప్పే పిడి, తలుపు పిడి. ఇంజను పోతే బండి ఆగిపోతుంది కాబట్టి వెంటనే బాగవుతుంది. తలుపు పిడి పోతే బండి ఆగదు. అందుకే ఏడాది గడిచినా అట్లే ఉంటుంది.

పోయిన ఎండాకాలం

మా మిల్లు సొంత పికప్ పద్నాలుగేళ్ల బండి. దాని డ్రైవరు పక్క తలుపుకు బయటి పిడి విరిగిపోయింది. ఎడమ తలుపుకు లోపలి పిడి పోయి ఏడాది దాటింది. డ్రైవరు దానికి అలవాటు పడ్డాడు. ఎడమ తలుపు బయట నుంచి తెరిచి, లోపలికి వంగి, డ్రైవరు పక్క తలుపును లోపలి నుంచి తెరుచుకునేవాడు. ఆ తలుపు కూడా ఊరికే తెరుచుకోదు. ఒక చేత్తో పిడి లాగుతూ, భుజంతో గట్టిగా తోస్తే వచ్చేది.

ఏప్రిల్‌లో బడికి సెలవులిచ్చారు. ఇంట్లో చూసేవాళ్లు లేక ఆయన ఆరేళ్ల కూతురిని ఆ రోజు మిల్లుకు తెచ్చుకున్నాడు. ఆయన కాంటా దగ్గర చీటీ రాయించుకుంటున్నాడు. పాప ఆడుకుంటూ ఎడమ తలుపు తెరుచుకుని క్యాబిన్ ఎక్కింది, తలుపు లాక్కుంది. దుమ్ము పడకుండా అద్దాలు పైకెత్తి ఉన్నాయి. దిగుదామంటే ఎడమ తలుపుకు లోపల పిడి లేదు. కుడి తలుపు పిడి పసిచేతికి లొంగలేదు. అద్దం తిప్పే పిడి బిగుసుకుపోయి ఉంది. పిల్ల ఏడ్చింది. హల్లర్ నడుస్తుంటే మిల్లులో పెద్దవాళ్ల కేకలే వినబడవు, పిల్ల ఏడుపు ఎవరికి వినబడుతుంది?

కళ్లంలో వడ్లు తిరగేస్తున్న ఒక అక్క అద్దానికి ఆనుకున్న రెండు చిన్న అరచేతులు చూసింది. పార అక్కడే పడేసి పరుగెత్తి ఎడమ తలుపు తెరిచింది. పాప ఒళ్లంతా చెమటతో తడిసి, తల నిలపలేక వాలిపోయి ఉంది. మేమందరం పరుగున పోయాం. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, తేరుకున్నాక కొంచెం కొంచెంగా నీళ్లు తాగించి, ఆసుపత్రికి తీసుకుపోయాం. సాయంత్రానికి పాప మామూలుగా అయింది. లెక్క చూసుకుంటే ఆమె లోపల ఉన్నది పావుగంట, అంతే.

పావుగంటకే అంత అవుతుందా అని అనుకోవద్దు. ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన బండిలో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. రాయచూరు ఎండలో బయటే 40 డిగ్రీలు దాటిన రోజున లోపల ఎంత ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికన్నా త్వరగా వేడెక్కుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగివున్న కారు ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటికి రాలేక నలుగురూ చనిపోయారు. ఆ వార్త చదివిన ఇంట్లో ఎవరికీ ముద్ద దిగి ఉండదు. అక్కడ విషయం కారు తలుపులు లాక్ పడిపోవడం, మా దగ్గర విరిగిన పిడి. లోపలున్న బిడ్డకు మాత్రం రెండూ ఒకటే.

డబ్బు ఎవరిది?

ఆ సాయంత్రమే సావుకారి ముందు కూర్చున్నాం. ఆయన మంచి మనిషే, కానీ లెక్క మనిషి.

"ఏమప్పా, పిడి విరగ్గొట్టింది ఎవరు? డ్రైవరు కదా. ఆయన బత్తాలో పట్టుకుందాం" అన్నాడు.

డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. బిడ్డకు అట్ల అయినందుకు అప్పటికే ఆయన సగం చచ్చి ఉన్నాడు. హమాలీల పెద్దమామ ముందుకొచ్చాడు. "సావుకారీ, ఆ పిడి పట్టుకునే కదా మేమందరం సంచుల మీదికి ఎక్కేది. ఆయన ఒక్కడు విరగ్గొట్టింది కాదు. పట్టుకునేదుంటే అందరి కూలీలో పట్టుకోండి" అన్నాడు.

నేను ఒక మాట చెప్పాను. "ఎలివేటర్ బెల్టు తెగితే ఆపరేటర్ కూలీలో పట్టుకుంటారా? అది అరిగే వస్తువని మిల్లు ఖర్చులో రాస్తారు. తలుపు పిడి కూడా అరిగే వస్తువే. నాకు వస్తువులు తెచ్చివ్వండి, మిల్లు ఆపిన రోజు నేనే వేస్తాను."

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, తీసుకురాపో. రెండు తలుపులకూ చెయ్యి" అన్నాడు.

చివరికి రెండు పిడులు, క్లిప్పులు, గ్రీజు కలిపి అయింది 780 రూపాయలు. 2025-26కి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఒక క్వింటాలు వడ్లలో మూడో వంతు. రోజూ టన్నుల లెక్కన వడ్లు మోసే బండికి ఏడాదిగా మిగిల్చుకున్నది అంతే.

తలుపు లోపల ఏముంది?

పని మొదలుపెట్టే ముందు తలుపు ఎట్ల తెరుచుకుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. తలుపు అంచున, రెండు రేకుల మధ్య ఒక లాక్ ఉంటుంది. అందులో ఒక కొక్కెం. తలుపు మూసినప్పుడు ఆ కొక్కెం, బండి స్తంభానికి బిగించిన ఇనుప కమ్మీని కరుచుకుంటుంది. కొక్కెం వెనక్కి తిరగకుండా ఒక చిన్న నాలుక అడ్డం పడుతుంది. బయటి పిడి వెనక నుంచి ఒక సన్న కడ్డీ, లోపలి పిడి నుంచి ఇంకొక కడ్డీ వచ్చి అదే లాక్‌కు కలుస్తాయి. ఏ పిడి లాగినా కడ్డీ కదిలి నాలుకను ఎత్తుతుంది, కొక్కెం వదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

దీన్నిబట్టి జబ్బు ఎక్కడుందో ముందే చెప్పొచ్చు. ఒక పిడి పనిచేసి ఇంకొకటి పనిచేయకపోతే లాక్ బాగానే ఉన్నట్టు. పిడిలోనో, కడ్డీలోనో, కడ్డీని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులోనో లోపం ఉంది. పిడి వదులుగా ఊగుతూ ఏ పనీ చేయకపోతే కడ్డీ ఊడింది. ఇది ఒక్కోసారి ఐదు రూపాయల క్లిప్పుతో పోతుంది. రెండు పిడులూ బిగుసుకుని ఉంటే లాక్ ఎండిపోయింది, లేదా తలుపు కిందికి వాలింది.

పిడి ఎందుకు విరిగింది?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొత్త పిడి తెచ్చి వేస్తారు, మూడు నెలలకు అదీ విరుగుతుంది, "ఇప్పుడొచ్చే సామానంతా ఇంతే" అంటారు. విరిగిన ముక్కను చేతిలో పట్టుకుని ఎందుకు విరిగిందని అడగాలి.

మా బండి విషయంలో మూడు కారణాలు కనబడ్డాయి. ఒకటి, తలుపు వాలడం. తలుపును జానెడు తెరిచి, అంచు పట్టుకుని పైకి లేపి చూశాం. వేలెడు కదిలింది. మడత బందుల పిన్నులు అరిగిపోయాయి. తలుపు వాలితే కొక్కెం కమ్మీ మీద సూటిగా పడదు, కిందుగా రాసుకుంటుంది. కమ్మీ మీద రాపిడితో మెరిసే గీత కనబడితే అదే గుర్తు. అట్లాంటి తలుపు తెరవాలంటే పిడిని మామూలుకన్నా గట్టిగా లాగాలి. ఆ బలమంతా పిడి ప్లాస్టిక్ మీద పడుతుంది.

రెండు, మిల్లు దుమ్ము. పాత గ్రీజులో ఊక పొడి, తవుడు కలిసి గట్టి పిండి ముద్దలా అవుతుంది. లాక్ నాలుక అందులో కూరుకుపోతుంది. మళ్లీ పిడి మీదే బలం.

మూడోది పెద్దమామ చెప్పిందే. లోడు మీదికి ఎక్కేటప్పుడు అందరికీ చేతికి అందేది ఆ పిడి. మనిషి బరువు మోయడానికి దాన్ని చేయలేదు. పైగా ఏళ్ల తరబడి ఎండకు మాడిన ప్లాస్టిక్ పెళుసు అయిపోతుంది.

అంగట్లో

విరిగిన పిడిని సంచిలో వేసుకుని రాయచూరు పోయాను. పాత ముక్క చేతిలో లేకుండా అంగడికి పోవద్దు. ఒకే పేరు బండికి కూడా ఏడాదిని బట్టి పిడి మారుతుంది. కుడి ఎడమల గొడవ ఇంకొకటి. అంగడి ఆయన కన్నడంలో "ఎడగడెనా, బలగడెనా?" అన్నాడు. బండి ముందు నిలబడి చూసేవాడి కుడి వేరు, సీట్లో కూర్చున్నవాడి కుడి వేరు. అందుకే "డ్రైవరు పక్కది" అని చెప్పాలి. అప్పుడు ఏ భాషలో అడిగినా తప్పు రాదు.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. బోల్టుల మధ్య దూరం, వెనక చిన్న మీట పొడవు, కడ్డీ దూరే రంధ్రం, అన్నీ సరిపోవాలి. పిడి తిరిగే పిన్ను ఇనుపదైతే మంచిది. లాగి వదిలితే స్ప్రింగు వెంటనే వెనక్కి లాక్కోవాలి. కొన్ని బండ్లకు తాళంచెవి దూరే భాగం పిడిలోనే ఉంటుంది. అట్లయితే పాత పిడిలోని ఆ భాగాన్ని తీసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, లేకపోతే రెండు తాళంచెవులు మోయాలి. కడ్డీ క్లిప్పులు, తలుపు అట్ట క్లిప్పులు నాలుగైదు ఎక్కువే తెచ్చుకోండి. పాతవి విప్పేటప్పుడు తప్పకుండా రెండు విరుగుతాయి.

పనిలోకి

మిల్లు ఆపిన రోజు పొద్దున, నీడలో బండి పెట్టి మొదలుపెట్టాం. డ్రైవరు, నేను, చూడడానికి నలుగురు హమాలీలు. మన దగ్గర ఏ పనికైనా చూసేవాళ్లే ఎక్కువ కదా.

ముందు అద్దం పూర్తిగా పైకెత్తాలి. అప్పుడే లోపల చెయ్యి ఆడుతుంది. కరెంటు అద్దాలున్న బండి అయితే బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. లోపలి పిడి చుట్టూ ఉన్న గిన్నె స్క్రూ, చెయ్యి ఆనించే దిమ్మె స్క్రూలు తీశాం. అద్దం తిప్పే పిడి దగ్గర చాలామంది తికమకపడతారు, స్క్రూ కనబడదు. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు ఉంటుంది. ఒక పాతగుడ్డ పేలికను పిడికీ అట్టకూ మధ్య దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే గుడ్డ పోగులు క్లిప్పును పట్టి బయటికి తెస్తాయి. అది ఎగిరిపడుతుంది కాబట్టి రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి. ఇది చూసి పెద్దమామ, "ఏందిది, పాము పడగ విప్పినట్టు వచ్చింది!" అని నవ్వాడు.

తర్వాత తలుపు అట్ట. కింది మూల నుంచి మొదలుపెట్టి, గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్క క్లిప్పు దగ్గరే లేపుతూ రావాలి. మధ్యలో పట్టి గుంజితే అట్ట చిరుగుతుంది. అన్నీ ఊడాక పైకి ఎత్తితే అట్ట వచ్చేస్తుంది. దాని వెనక నల్లబంకతో అంటించిన ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. దాన్ని చింపి పారేయకండి. వానలో అద్దం వెంట కారిన నీళ్లు తలుపు లోపలికే పోతాయి, అడుగు రంధ్రాల నుంచి బయటికి కారతాయి. ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది ఆ కాగితమే. మెల్లగా ఒలిచి పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు ఫోనుతో లోపల రెండు ఫోటోలు తీసుకోండి. ఏ కడ్డీ ఎక్కడికి పోతుందో తర్వాత గుర్తుండదు. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి. కడ్డీని పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పును పక్కకు తిప్పితే కడ్డీ వదులుతుంది. కడ్డీని వంచకూడదు. మా బండి పిడికి లోపల పది నంబరు నట్లు రెండు. అవి విప్పేటప్పుడు చేయి జారి తలుపు అడుగున పడితే సగం పూట వాటిని వెతకడానికే పోతుంది. వడ్లలో ఇనుప ముక్కలు పట్టడానికి మిల్లులో అయస్కాంతాలు ఉంటాయి కదా, పాత ముక్క ఒకటి తీగకు కట్టి పెట్టుకున్నాను. ఒక నట్టు పడింది, అయస్కాంతంతో తీశాను.

పాత పిడి బయటికొచ్చాక కొత్తది వెంటనే వేయలేదు. తలుపు అడుగున చెయ్యి పెడితే రెండు దోసిళ్ల ఊక, మట్టి వచ్చింది. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి, రేకు అప్పటికే తుప్పు పట్టడం మొదలైంది. తీగతో రంధ్రాలు పొడిచాం. లాక్‌ను కిరసనాయిలు, పాత బ్రష్షుతో కడిగి, తుడిచి, ఆరాక పల్చగా గ్రీజు పూశాం. గ్రీజు ఎక్కువైతే మళ్లీ ఊకను పిలిచినట్టే. మడత బందుల పిన్నులు మార్చి తలుపును దాని ఎత్తుకు తెచ్చాం. అప్పుడు కొత్త పిడి బిగించి కడ్డీ తగిలించాం.

కడ్డీ బిగువులో ఒక కిటుకుంది. పిడి లాగినప్పుడు మొదట కొద్దిగా ఖాళీగా కదిలి, తర్వాత నాలుకను ఎత్తాలి. ఖాళీ అసలు లేకపోతే గుంతలో పడ్డప్పుడు తలుపు తనంతట తానే వదలొచ్చు. ఖాళీ ఎక్కువైతే ఎంత లాగినా తెరుచుకోదు. కడ్డీ చివర మరలు ఉన్న బండికి దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు.

తలుపు మూయకముందే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పని అయిందని సంబరంగా తలుపు దబ్బున మూయకండి. కడ్డీ సరిగా తగలకపోయి ఉంటే మూసిన తలుపు ఇక తెరుచుకోదు. తలుపు తెరిచి ఉండగానే లాక్ కొక్కెంను స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. టక్కు, టక్కు అని రెండుసార్లు వినబడాలి. ఇప్పుడు బయటి పిడి లాగండి, కొక్కెం వదలాలి. మళ్లీ నొక్కి లోపలి పిడి లాగండి, మళ్లీ వదలాలి. పదిసార్లు ఇట్ల చేసి, తర్వాతే మూయండి. అప్పుడు కూడా కమ్మీ మీద సూటిగా పడకపోతే, పాత చోటును పెన్సిల్‌తో గీసుకుని, కమ్మీ బోల్టులు కొద్దిగా వదులు చేసి, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి చూడండి.

ఆ రెండు టక్కుల వెనక ఒక కథ ఉంది. మొదటి టక్కుకు తలుపు సగం పట్టు, రెండోదానికి పూర్తి పట్టు. సగం పట్టులో ఉన్న తలుపు దెబ్బ తగిలితే తెరుచుకుంటుంది. 1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు కారు ప్రమాదాలను పరిశీలించి, తలుపు తెరుచుకుని బయటికి విసిరేయబడినవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారని చూపారు. ఆ తర్వాత 1956 మోడల్ కార్లకు ఫోర్డు కంపెనీ గట్టి తలుపు లాకులు పెట్టింది. అంటే తలుపుకు రెండు ధర్మాలు. కావాలనుకున్నప్పుడు తెరుచుకోవాలి, వద్దనుకున్నప్పుడు మూసుకుని ఉండాలి. తాడు కట్టిన తలుపు ఈ రెండూ చేయదు. బండి బోల్తా పడితే తాడు తెగి మనిషిని బయట పడేస్తుంది, తెగకపోతే లోపల కట్టిపడేస్తుంది. కాలువ గట్ల మీద రాత్రిపూట లోడుతో తిరిగే మన డ్రైవర్లకు ఇది విడమరిచి చెప్పక్కరలేదు.

రెండు తలుపులకూ కలిపి మాకు మధ్యాహ్నం భోజనం వేళ అయింది. చేతివాటం ఉన్నవాళ్లకు ఒక్క పిడి అయితే గంటన్నర పని. చేతకాదనుకుంటే మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి, తప్పేం లేదు. కానీ "పిడి ఒక్కటి వెయ్యి" అని వదిలేయకుండా, లాక్ శుభ్రం చేయమని, తలుపు వాలిందేమో చూడమని నిలబడి చెప్పండి.

ఇప్పుడు మా మిల్లులో

ఆ రోజు తర్వాత మా దగ్గర కొన్ని మాటలు అనుకున్నాం. పిడి పట్టుకుని లోడు ఎక్కకూడదు. ఎక్కడానికి బాడీ వెనక ఒక ఇనుప మెట్టు వెల్డింగు చేశాను. పిడులు, అద్దం తిప్పే పిడులు, వైపర్లు మిల్లు ఖర్చు, డ్రైవరు బత్తాకు సంబంధం లేదు. కళ్లంలో నిలబెట్టిన బండికి తాళం వేసి, తాళంచెవి కాంటా దగ్గర మేకుకు తగిలించాలి. తాళం వేసే ముందు సీట్లో, సీటు కింద ఒకసారి చూడాలి. పిల్లలను తీసుకురాక తప్పని రోజుల్లో వాళ్లు కూర్చోవడానికి ఆఫీసు వసారాలో ఒక చాప, నీళ్ల కుండ పెట్టాం. ఇవన్నీ పెద్ద ఖర్చులు కావు. అడిగేవాళ్లు లేకపోతే మాత్రం ఏవీ జరగవు.

కిరాయి బండ్లకు ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ చేయించాలి. చాలామంది ఆ ఒక్క రోజుకు అన్నీ సరిచేసి, మర్నాటి నుంచి మళ్లీ తాళ్లు కడతారు. ఎఫ్‌సీ కాగితం పోలీసుకు చూపించడానికి పనికొస్తుంది. మూసిన క్యాబిన్‌లో ఉన్న బిడ్డకు పనికొచ్చేది పనిచేసే పిడి ఒక్కటే.

ఈ పత్రిక మిల్లులో పనిచేసే మగవాళ్లకన్నా ఇంట్లో అక్కలు, చెల్లెళ్లు, అమ్మలే ఎక్కువ చదువుతారని నాకు తెలుసు. అందుకే మీకే చెబుతున్నాను. మీ ఆయన, మీ కొడుకు, మీ తమ్ముడు నడిపే బండి ఇంటి ముందు ఆగినప్పుడు నాలుగు లాగుళ్లు లాగి చూడండి. కుడి తలుపు బయట నుంచి, లోపల నుంచి. ఎడమ తలుపు బయట నుంచి, లోపల నుంచి. మీరు చూశాక, మీ ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లను మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ చేత్తో కూడా లోపలి పిడి లాగించండి. ఆ చేతికి తెరుచుకుంటే తలుపు బాగున్నట్టు. తెరుచుకోకపోతే, "బండి నడుస్తాంది కదా" అన్న మాట ఒప్పుకోకండి.